తప్పు తన మీద వేసుకునే మనిషి

మా వర్క్‌షాప్‌లో ఏది పాడైనా తానే చేశానని ఒప్పుకునేవాడు ఒకడుండేవాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. అద్దం పగిలినా, ఎవరి కొలత తప్పినా, మా ముదీర్, అంటే మేనేజర్, అరవడం మొదలుపెట్టకముందే తల వంచుకుని మాఫీ అడిగేవాడు. ముదీర్ పది నిమిషాలు తిట్టి వెళ్లిపోయేవాడు, మేం మళ్లీ పనిలో పడేవాళ్లం. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పని నడిపించే ఫోర్‌మన్‌ని, నాకు అంతకంటే ఏం కావాలి? అతన్ని ఆటపట్టిస్తూనే నెత్తిన పెట్టుకున్నాను.

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, స్టోర్‌లోంచి రాగి కేబుల్ చుట్ట ఒకటి కనబడకుండా పోయింది. ఈసారి ముదీర్ పోలీసులను పిలిచాడు. పని ఆగిపోయింది, అందరినీ వరసగా నిలబెట్టారు. ఇదీ ఆ పది నిమిషాల వ్యవహారమే అనుకున్నాను, బుద్ధి లేనివాణ్ని. అతని పక్కకు వెళ్లి, "నేనే తీసిన అని ఒప్పుకో తమ్మీ. సార్ తిట్టి ఇడిసిపెడ్తడు, ఖలాస్," అన్నాను. అతను ఒప్పుకున్నాడు. పోలీసులు అది రాసుకుని, సంతకం చేయించుకుని, అతన్ని తీసుకెళ్లిపోయారు.

వారం తర్వాత ఆ చుట్ట అజ్మాన్‌లోని మా ఇంకో సైట్‌లో దొరికింది. మా లారీయే పొరపాటున అక్కడ దించి వచ్చింది. బతికాం అనుకుని, డెలివరీ కాగితం పట్టుకుని అతని లాయర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాగితం చూసి పక్కన పెట్టాడు. దాన్ని అక్కడికి చేర్చింది ఇతనే అంటారని, తీయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడని కోర్టు అడుగుతుందని అన్నాడు. కళ్లెదుట ఉన్న వస్తువు కంటే నోటితో అన్న మాటే బరువా! శిక్ష పడితే జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపించేయడం. ఎందుకు ఒప్పుకున్నాడో చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. చెబితే నా మెడకు చుట్టుకుంటుందని మూడు రోజులు నానా చావూ చచ్చి, చివరికి సాక్ష్యం చెబుతానన్నాను.

విచారణ వీడియోలో జరిగింది. జైలు నుంచి అతను తెరమీద కనిపించాడు, బాగా చిక్కిపోయాడు. అలా చెప్పమన్నది నేనేనని హిందీలో చెప్పాను. అనువాదకుడు దాన్ని జడ్జికి అరబీలో వినిపించాడు. ఇది నిజమేనా అని జడ్జి అతన్ని అడిగించాడు. ఔననమని లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

అతను కాసేపు తెరలోంచి నన్నే చూశాడు. "లేదు సార్. అన్న నాకేం జెప్పలే," అన్నాడు. "నేనే తీసిన."