సోమయాజులు గారి ‘ఆధారం’

సోమయాజులు గారికి లోకంలో ఒకటే అలవాటు. ఎవరు ఏ మాట చెప్పినా కళ్ళజోడు ముక్కు కొసకు జార్చి, "ఆధారం?" అంటారు.

తార్నాకలో ఆయన గుమ్మం ముందు నిలబడి "ఎండ చంపేస్తోందండీ" అన్న పాపానికి, ఒక పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని వరండాలోని థర్మామీటరు దగ్గరికి నడిపించి, "ముప్పై అయిదే. ఎవర్నీ చంపదు, వెళ్ళిరండి" అని సాగనంపారు. శుభలేఖ ఇవ్వడానికొచ్చినవాళ్ళు "మీరు రాకపోతే అసలు పెళ్ళే జరగదు" అంటే, పాపం, నిజంగానే కంగారుపడి, "అలాగని ఎవరన్నారు? ముహూర్తం మార్చుకోవచ్చుగా?" అన్నారు.

"మా పెళ్ళిచూపుల్లో అమ్మాయి బాగా పాడుతుందని మా నాన్న అన్నారు" అని ఆయన భార్య అరుంధతమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "ఆధారమేదీ అన్నారీయన. పాడాను. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో నా పాట గురించి మాత్రం మళ్ళీ ఆధారం అడగలేదు."

హబ్సిగూడ టిఫిన్ సెంటర్ బుచ్చిరాములు బోర్డు మీద ‘అసలైన నెయ్యి దోశ’ అని రాయించుకున్నాడు. సోమయాజులు గారు మూడు రోజులు వరసగా వచ్చి, దోశ తినకుండా, నెయ్యి ఎక్కడిదని అడిగారు. నాలుగో రోజు బుచ్చిరాములు ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి, పొయ్యి మీద వెన్న కాగుతుంటే పక్కనే కుర్చీ వేసి కూచోబెట్టాడు. మర్నాటికి బోర్డు కింద ఇంకో వరస చేరింది: ‘సోమయాజులు సారు దగ్గరుండి చూసిండు.’ వ్యాపారం పెరిగింది.

భీమవరం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, హబ్సిగూడలోని ఒక సైన్సు సంస్థ లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. రిటైరైన మర్నాడే మేడ మీది గదిలో ‘తెలిసినంత’ అనే పని మొదలుపెట్టారు. మనిషికి కావలసిన విషయమంతా తెలుగులో రాసి ఇంటర్నెట్‌లో పెట్టాలి. పంటలు, జబ్బులు, చట్టాలు, చెరువులు, ఏదైనా సరే. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరూ ఒక్క పైసా కట్టక్కర్లేదు. రాసేవాళ్ళకి జీతాల్లేవు. అరుంధతమ్మ ఉప్మా మాత్రం ఉంది.

యూనివర్సిటీలో లైబ్రరీ సైన్సు చదువుతున్న స్వర్ణ అలా ఆ గదిలోకి వచ్చింది. జనగామ దగ్గరి పల్లె పిల్ల. ఊరి చెరువు మీద మొదటి వ్యాసం రాస్తే ఆయన పదకొండు చోట్ల ఆధారం అడిగారు. స్వర్ణ ఏడ్చింది, తిట్టుకుంది, ఊరికి పోయి ముసలివాళ్ళను అడిగింది, పాత కాగితాలు తవ్వింది. ఆర్నెల్ల తరవాత ఆ వ్యాసం చూసుకుంటే తనకే ఆశ్చర్యం వేసింది. ఒక్క మాట కదిలించడానికి లేదు, రాతికట్టలా ఉంది. ఆ రోజు నుంచి ఆయనంటే ఆమెకు భయం పోయింది. భయం స్థానంలో ఏదో వచ్చింది. గుళ్ళూ చర్చీలూ ఎత్తుగా ఎందుకు కడతారో అప్పుడర్థమైనట్టనిపించింది.

కానీ అద్దె సర్వరు మీద, అరువు కంప్యూటర్ల మీద ఎన్నాళ్ళు నడుస్తుంది? ట్రస్టు రిజిస్టరు చేయించాలి, సొంత మిషన్లు కొనాలి. మొదట నిలదొక్కుకోవడానికి కాస్త డబ్బు కావాలి. డబ్బు అడగడానికి సోమయాజులు గారే బయల్దేరారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

నల్లకుంటలో ఒక బట్టల వ్యాపారి చెక్కుబుక్కు తెరిచి, "మా తాత పేర ఒక పేజీ పెట్టండి చాలు. ఆయన దానకర్ణుడు" అన్నాడు.

"ఆధారం?"

వ్యాపారి చెక్కుబుక్కు మూసేశాడు. మెట్లు దిగుతూ స్వర్ణ అంది: "సార్, జర ఆగి అడిగితే అయిపోవు గదా!"

"చెక్కు పుచ్చుకున్నాక అడిగితే మోసమవుతుందమ్మా."

ఇవన్నీ తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో జరిగాయి. క్యాంపస్‌లో రోజూ ఊరేగింపే. ఒకసారి ఆర్ట్స్ కాలేజీ ముందు ప్లకార్డులు పట్టుకున్న కుర్రాళ్ళ దగ్గరికి సోమయాజులు గారు తిన్నగా వెళ్ళి, "ఈ అంకెలకి ఆధారం?" అన్నారు. స్వర్ణకి పై ప్రాణాలు పైనే పోయాయి. గోదావరి యాస దాచుకోవడం కూడా రాదు ఆ మనిషికి!

"నువ్వెవడివయ్యా అడగనీకి? ఆంధ్రోనివా?" అన్నాడొకడు.

"అవును బాబూ. ఈ రెండో అంకె తప్పు. ఎక్కువ రాశారు. మూడోది కూడా తప్పే, మీకు జరిగిన నష్టం ఇంతకంటే పెద్దది, తక్కువ రాసుకున్నారు. పాత ఉత్తర్వులు మా ఇంట్లో ఉన్నాయి, రండి."

సాయంత్రం మేడ మీది గదిలో పద్నాలుగుమంది ఉద్యమకారులు నేలమీద కూచుని ఉప్మా తింటూ ప్లకార్డులు తిరగరాసుకున్నారు. అందులో ప్రేమ్ కుమార్ అనేవాడు వెనక్కి వెళ్ళలేదు. వ్యవసాయం తెలిసిన కుర్రాడు, పంటల వ్యాసాలు రాస్తూ అక్కడే ఉండిపోయాడు.

చివరికి హబ్సిగూడలోని ఒక దాతృత్వ సంస్థ ఇంటర్వ్యూకి పిలిచింది. వాళ్ళ ఫారంలో ‘ఇప్పటిదాకా ఎంతమంది జీవితాలు మార్చారు?’ అని ఒక గడి ఉంది. స్వర్ణ ‘వేలాది’ అని రాసింది. ఆయన అది కొట్టేసి ‘తెలియదు’ అని రాశారు.

ఆ రోజు బంద్. నడిచే వెళ్ళారు. సంస్థ తరఫున సుధామయి గారని ఒకామె, కచ్చితమైన మనిషి, ఎదురుగా కూచుని ఆదరంగానే మొదలుపెట్టింది. "మీ సైటు వల్ల విద్యార్థులకి ఎంతో మేలు జరుగుతోందని విన్నాం."

"ఎవరు చెప్పారండీ?"

"మీ దరఖాస్తులోనే ఉంది."

"అది ఈ అమ్మాయి రాసింది. ఈమెకి మేమంటే అభిమానం. అభిమానం ఆధారం కాదు కదండీ."

బల్ల కింద నుంచి స్వర్ణ కాలితో తన్నింది.

"ఎందుకమ్మా తన్నావు?" అన్నారాయన పైకే.

సుధామయి గారు పెన్ను కింద పెట్టేసింది. అంతా అయిపోయిందని స్వర్ణ తల వంచుకుంది. అప్పుడే స్వర్ణ ఫోన్ మోగింది. ప్రేమ్ కుమార్ వాళ్ళమ్మ, రాములవ్వ, ఊరి నుంచి.

"బిడ్డా స్వర్ణా... క్యాంపస్ల గ్యాసు గోలీలు కొట్టిండ్రట... మా ప్రేమ్ సచ్చిపోయిండని టీవీల వస్తున్నదట బిడ్డా... వాని ఫోను కలుస్తలేదు..."

స్వర్ణ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి. సోమయాజులు గారు ఫోన్ తీసుకున్నారు. అంతా విన్నారు.

"అమ్మా, టీవీ మీరు చూశారా?"

"నేను సూడలే సారూ, పక్కింటోల్లు చెప్పిండ్రు."

"అయితే ఆధారం లేదు" అన్నారు. "నా కళ్ళతో చూసి చెప్పేదాకా మీరు ఏడవకండి. అన్నం తిన్నారా? తినండి. నేను ఫోన్ చేస్తాను."

"కన్నతల్లి ఏడుస్తుంటే గూడ గదే మాటనా సార్?" అని స్వర్ణ అరిచింది. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు.

"ఇంటర్వ్యూ ఇంకా అవలేదండీ!" అంది సుధామయి గారు.

"మీరు కూచోండమ్మా, ఇది చూసొస్తాను."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఫైలు మూసి, వెంట నడిచింది.

తార్నాక చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. ఒక కుర్రాడు ఎదురొచ్చి, "ప్రేమన్న పోయిండు సార్" అని గుండె బాదుకున్నాడు.

"నువ్వు చూశావా?"

"లే సార్. జిరాక్స్ ఎంకన్న చూసిండు."

ఎంకన్న షట్టరు సగం దించుకుని ఉన్నాడు. "నేను సూడలే సార్, ఆటో బిక్షం చెప్పిండు. శవాన్ని పట్కపోయిండ్రట."

బిక్షాన్ని వెతికేసరికి గంట పట్టింది. "నాకేం ఎరుక సార్? గోడ కాడ మక్కకంకులమ్మే చిట్టెమ్మ ఉంటది, ఆమె అంటుంటే విన్న."

అరవై ఆరేళ్ళ మనిషి, హవాయి చెప్పులు, మాడు పగిలే ఎండ. ఒక్కొక్కరి దగ్గరా ఆగి అదే మాట: "మీరు చూశారా?" చూశామన్నవాడు లేడు. వెనకాల నడుస్తున్న స్వర్ణకి మెల్లగా ఒకటి అర్థమవుతోంది. ఊరంతా ఒక చావును చేతులు మారుస్తోంది, దాన్ని వద్దంటున్నవాడు ఈయనొక్కడే.

విద్యానగర్ వైపు గోడ దగ్గర చిట్టెమ్మ దొరికింది.

"సూసిన సారూ. గోడ దుంకి పడ్డడు. నలుగురు ఎత్తుకొచ్చి ఆటోల ఏసిండ్రు. మొఖం మీద తువ్వాల కప్పిండ్రు."

సుధామయి గారు కళ్ళు మూసుకుంది. సోమయాజులు గారు మాత్రం వదల్లేదు. "తువ్వాలు ఎందుకు కప్పారమ్మా?"

"గ్యాసుకు కండ్లు మండుతున్నయని నేనే తడిపి ఇచ్చిన."

"ఆ అబ్బాయి ఏమైనా అన్నాడా?"

"అనుడేంది సారూ, తిట్టిండు! కాలు మెల్లగ పట్టుండ్రిరా అని, ఏం తిట్లు, నా పానం బుగులైంది!"

"తిట్టాడా!" ఆయన ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. "ఆ తిట్లు నువ్వు విన్నావా? నీ చెవులతో?"

"ఇన్న సారూ, చెప్పాల్నా?"

"వద్దులేమ్మా. ఆటో ఎటు పోయింది?"

"గోల్నాక దిక్కు. ఆడ ఎముకల డాక్టరున్నడు."

నల్లకుంట దాటి గోల్నాక చేరేసరికి సుధామయి గారి చెప్పులు చేతిలోకొచ్చాయి. చిన్న నర్సింగ్ హోమ్‌లో, చివరి మంచం మీద, తొడ దాకా పిండికట్టుతో, ఎర్రటి కళ్ళతో ప్రేమ్ కుమార్ ఇడ్లీ తింటున్నాడు.

"సార్! మీరేంది గీడ? నా ఫోన్ పలిగిపోయింది సార్."

సోమయాజులు గారు వాణ్ణి పైనుంచి కింది దాకా చూశారు. భుజం మీద చెయ్యి వేసి నొక్కి చూశారు. అప్పుడు స్టూలు మీద కూలబడి, ఊరికి ఫోన్ కలిపారు.

"అమ్మా, ఉన్నాడు. కాలు విరిగింది. మిగతా అంతా బాగానే ఉంది."

అవతల్నుంచి రాములవ్వ గొంతు గట్టిగా వచ్చింది: "గీ మాటకు ఆధారమేంది సారూ?"

"భేష్!" అని ఆయన ఫోన్ ప్రేమ్‌కి ఇచ్చేశారు.

"అవ్వా, నేనే."

"నువ్వే అయితే మన బర్రె పేరేంది?"

"మల్లి. దాని కొమ్ము ఇరిగింది నా వల్లనే. ఇగ గా ముచ్చట మళ్ల తియ్యకే అవ్వా!"

అప్పుడు ఏడ్చింది రాములవ్వ. గదంతా వినబడేలా ఏడ్చింది. ప్రేమ్ ఆపబోతే సోమయాజులు గారు చెయ్యెత్తారు. "ఏడవనీ బాబూ. ఇప్పుడు ఆధారం ఉంది."

సుధామయి గారు గుమ్మంలోంచి, "డబ్బు మంజూరైనట్టే అనుకోండి" అంది. ఆయన నోరు తెరవబోయారు. "ఉత్తరం సోమవారం పంపిస్తాను, సంతకంతో సహా!" అని ఆమె గబగబా అనేసింది.

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటున్నారు. ఎంత తుడిచినా తడి ఆరడంలేదు. స్వర్ణ చూస్తోందని గమనించి అటు తిరిగి, "టియర్ గ్యాసమ్మా. భలే మండుతోంది" అన్నారు.

క్యాంపస్ అక్కడికి నాలుగు కిలోమీటర్లు. గ్యాసు పేలి అయిదు గంటలైంది. స్వర్ణకి నాలిక చివరి దాకా ఒక మాట వచ్చింది. మింగేసింది.

"అవ్ సార్" అంది. "నాగ్గూడ మండుతున్నది."