మూడుసార్లు విప్పిన తాళి

మా అయ్యవారు పోయినారని పోయిన నెల మైపాడు నుంచి చేపలు తెచ్చే అక్క చెప్పింది. చేతిలో చాట అట్టనే పట్టుకుని నిలబడిపోయినా. మా పుట్టింటి ఊరి పురోహితులు ఆయన. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే, నా పెళ్లి చేయించింది ఆయనే.

ముహూర్తం దగ్గరపడితే ఆయనంత కోపిష్టి ఇంకొకరు ఉండరు. "ఏందయ్యా, పెళ్లికూతుర్ని తెస్తారా, నన్ను పొమ్మంటారా?" అని పెద్దల్నే గదమాయించేవారు. మంత్రంలో ఒక్క అక్షరం మింగేవారు కాదు. ఒక పెళ్లిలో భోజనాలకి వేళ మించిపోతోందని మా నాయన తొందరపెడితే, "ఆకలి నీకు, పెళ్లి వాళ్లకి. కూర్చో" అన్నారు.

అట్టాంటి మనిషిని మద్రాసు సినిమావాళ్లు పెళ్లి సీను కోసం పిలిపించినారు. ఊరంతా ఒకటే గొప్పలు. ఆ బొమ్మ మా పక్క డేరా హాల్లోకి వస్తే బండ్లు కట్టుకుని పోయినాం. సినిమాలో పెళ్లంటే ఏముంది? బజంత్రీలు, అక్షింతలు, తలొంచుకుని కన్నీళ్లు పెట్టుకునే పెళ్లికూతురు. రెండు నిమిషాల్లో అయిపోయింది. హాల్లో ఆడోళ్లందరూ కళ్లొత్తుకున్నారు, నేనూ ఒత్తుకున్నా.

"పుట్టిల్లు వదిలిపోవాలని ఆ పిల్ల ఎంత బాగా ఏడ్చింది అయ్యవారూ!" అన్నా మర్నాడు. ఆయన మొహం పాలిపోయింది. "అది నటన కాదమ్మా" అన్నారు.

పెదాలు కదిపితే చాలన్నారంట అక్కడ. ఈయన ఊరుకునే మనిషా? అలవాటు కొద్దీ గోత్రం అడిగినారు. ఆ పిల్లది గూడూరు పక్కన ఏదో ఊరు, చిన్న చిన్న వేషాలు వేసుకునేది. పీటల మీద కూర్చోబెట్టి అయ్యవారు అడుగుతుంటే కాదంటుందా? గోత్రం, తండ్రి, తాత, ముత్తాత, అందరి పేర్లూ చెప్పేసింది. పెళ్లికొడుకు వేషం కట్టినాయనా చెప్పినాడు. ప్రవర అంతా నిజం పేర్లతో చదివేసినారు. తాళి పడింది. లైటు సరిగ్గా పడలేదు, ఇంకోసారి అన్నారు. ఎవరో వచ్చి ముళ్లు విప్పినారు. మళ్లీ కట్టించి, మళ్లీ విప్పినారు. మూడోసారి కట్టేటప్పుడు ఆ పిల్ల భోరుమనింది. "అదీ! ఆ ఏడుపే కావాలి" అని అదే ఉంచుకున్నారంట. ఆ తర్వాత ఆ తాళీ విప్పి పెట్టెలో పడేసినారు.

అప్పట్నించి ఆయన మనిషి మనిషిగా లేరు. ఏ పెళ్లిలోనైనా తాళి కట్టించిన మరుక్షణం వెనక్కి తిరిగి చూసేవారు. నా పెళ్లిలోనూ చూసినారు. విప్పేదానికి ఎవరన్నా వస్తున్నారేమోనని నాకూ భయమేసి, తాళి గట్టిగా పట్టుకున్నా.

మూడు తరాల పేర్లు నోటికొచ్చు గదా, ఒకరోజు ఆయన ఆ ఇల్లు వెతుక్కుంటా పోయినారు. ఆ పిల్ల వేషాలు మానేసింది. వచ్చిన సంబంధమల్లా వద్దంటోంది. ఆయన్ని చూసి ఒకటే అడిగిందంట. "మంత్రాలు మీవే, పేర్లు మావే. ఆ పెళ్లి చెల్లుతుందా అయ్యవారూ, చెల్లదా?"

"ఏం చెప్పినారు?" అన్నా.

"మజ్జిగ ఇచ్చినారు. తాగి వచ్చేసినా."

నాకు ఒళ్లు మండిపోయింది. "చెల్లదని ఒక్క మాట అనలేకపోయినారా?" అని అరిచేసినా, అంత పెద్దాయన మీద.

"నేననొచ్చు. అది సినిమా అని మంత్రానికి తెలీదు గదమ్మా" అన్నారు. అప్పటి ఆయన మొహం ఇప్పటికీ నన్ను వదలదు.

పన్నెండో రోజుకి మా ఊరు పోయినా. అందరూ భోజనాలకి లేచినాక, పందిట్లో ఒకామె ఒంటరిగా నిలబడి ఉంది. డేరాలో చూసిన మొహమే, కొంచెం వాడిపోయింది. దగ్గరికి పోయి, అయ్యవారు నీ సంగతి నాకు చెప్పినారమ్మా అన్నా.

"పోయేముందు నా గురించి ఏమన్నా అన్నారా అక్కా?" అనింది.

ఆయన ఏమీ అనలేదు. ఆ సంగతి నాకు తెలుసు. "చెల్లదని చెప్పమన్నారమ్మా" అన్నా. ఆయన జన్మలో ఆడని అబద్ధం ఆయన పేరు మీద నేనాడినా.

"ఇన్నేళ్లకా?" అనింది ఆమె. బస్సెక్కేదాకా ఆమె వెంట పోయినా. కిటికీ పక్కన కూర్చుని బోసి మెడ మీద చేత్తో తడుముకుంటా ఉంది. బస్సు కదిలినా ఆ చెయ్యి కిందికి దిగలేదు.