మూడో పేజీ, ఉల్లిపాయల బుట్ట

ఆఫీసులో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. మూడో పేజీ అనే అంటారు. ఎదురుగా కాదులెండి, వెనక. ఎదురుగా అన్నా ఆవిడ ఏమీ అనుకునేది కాదు.

ఆ ఆఫీసు పని ఏమిటంటే, చుట్టుపక్కల ఊళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము దేనికివ్వాలో తేల్చడం. రోడ్డు కావాలి, నీళ్ళ ట్యాంకు కావాలి, బస్సుల షెడ్డు కావాలి అని ఊళ్ళవాళ్ళు అర్జీ పెడతారు. అర్జీకి నాలుగు పేజీలు. మొదటి దాంట్లో ఏం కడతారు, రెండో దాంట్లో ఎంతవుతుంది, నాలుగో దాంట్లో సంతకాలు. మూడో పేజీలో మూడే ప్రశ్నలు. కట్టాక దాన్ని వాడుకోలేనివాళ్ళు ఎవరు? పదేళ్ళ తర్వాత అక్కడి నీళ్ళూ నేలా ఎలా ఉంటాయి? ఊళ్ళో అందరికంటే లేనివాళ్ళకి ఇందులో చోటుందా?

మొదటి పేజీ ఇంజనీరు రాస్తాడు. మూడో పేజీ టైపు షాపులో కొట్టిస్తారు. టైపు షాపాయన పాత అర్జీ ఒకటి తీసి, ఊరి పేరు మార్చి, అదే మళ్ళీ కొట్టేస్తాడు. అందరికీ సమాన అవకాశం కల్పించబడును, పర్యావరణానికి హాని కలగదు, అంతే. ఈవిడ ఆ బల్ల దగ్గరికి వచ్చేదాకా అలాగే జరిగిపోయింది.

ఈవిడ ఆ పేజీని ఇంటికొచ్చిన ఉత్తరంలా చదువుతుంది. చదివి ఊరుకుంటుందా? వెళ్ళి చూస్తుంది. చూసి ఊరుకుంటుందా? అక్కడి జనం ఏ బరువు మోస్తారో ఆ బరువు తనూ మోస్తుంది. నీళ్ళ ట్యాంకు అర్జీ వస్తే రెండు బిందెలు నింపుకుని, కట్టబోయే చోటు నుంచి ఊరి చివరి ఇంటిదాకా నడిచింది. బస్సుల షెడ్డు అర్జీ వస్తే ఎవరి పసిబిడ్డనో అడిగి చంకనేసుకుని, గంటసేపు ఎండలో నిలబడింది. ఆ బిడ్డ ఆవిడ చీర తడిపేసింది కూడా. ఆ షెడ్డులో కూర్చోడానికి బల్లలూ, పక్కనే కుళాయీ వచ్చాయంటే ఆ గంట వల్లే.

అలాంటి ఆవిడ బల్ల మీదికి ఒక సోమవారం సొంత వదిన అర్జీ వచ్చింది.

వదినంటే మామూలు వదిన కాదు. అమ్మ పోయేనాటికి ఈవిడకి తొమ్మిదేళ్ళు, అన్నకి కొత్తగా పెళ్ళయింది. ఆడపడుచుని బడి మాన్పించి బుట్ట ఎత్తించమని నలుగురూ చెప్పినా వినకుండా, వదిన తనే ఉల్లిపాయల బుట్ట నెత్తిన పెట్టుకుని ఈ పిల్లని పెద్ద చదువు దాకా లాక్కొచ్చింది. ఈవేళ ఈవిడ కుర్చీ, బల్ల, నెత్తిమీది ఫ్యాను అన్నీ ఆ బుట్టలోంచి వచ్చినవే. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకటే ఇల్లు. కింద వదిన, పైన ఈవిడ.

ఆ వదిన ఇప్పుడు కూరగాయల మార్కెట్ సంఘానికి పెద్ద. ఎండకి ఎండి వానకి తడిసే నలభై మందికి షెడ్డు కావాలని అర్జీ. శుక్రవారం సాయంత్రం గడువు. అది దాటితే మళ్ళీ ఏడాదికే, అంటే ఇంకో వానాకాలం బురదలోనే.

ఈవిడ మూడో పేజీ తిప్పింది. "ఈ నిర్మాణము వలన చేపల సంతానోత్పత్తికి ఎట్టి ఆటంకము కలగదు" అని ఉంది. ఏ పడవల రేవు అర్జీలోంచో ఎత్తిన ముక్క. వీళ్ళ ఊరికి ఏరు లేదు, చెరువు లేదు. ఆవిడ పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. సంతకం పెట్టాలని ఇంతగా ఆశపడ్డ కాగితం ఇన్నేళ్ళలో ఇంకోటి లేదు మరి.

"ఇది మా వదినదండీ, ఇంకెవరికైనా ఇవ్వండి" అని పెద్దాఫీసరు దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "మూడో పేజీ చదివేవాళ్ళు ఇంకెవరున్నారమ్మా ఇక్కడ? ముందు నువ్వు చూడు, తర్వాత నేనూ చదువుతాను" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వదిన మెట్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు ఏరుతోంది. విషయం చెప్పగానే తలెత్తింది.

"చేపలకి హాని లేదన్నాం. అబద్ధమా? మన మార్కెట్లో చేపకి ఏదైనా అయిందని ఎప్పుడైనా విన్నావా?"

"అడిగినదానికి జవాబు కాదు వదినా అది."

"వేరే ఊళ్ళవాళ్ళవీ ఇలాగే తిప్పి పంపుతావా?"

"పంపుతాను."

"వాళ్ళు పరాయివాళ్ళు. నేను నీకు జడలేసినదాన్ని."

"పీకి పీకి వేసేదానివి. ఇప్పటికీ నొప్పి."

వదినకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. కుళ్ళిన ఉల్లిపాయ ఒకటి తీసి అవతలికి విసిరింది. "శుక్రవారం దాటితే ఆ నలభై మందీ నన్ను బతకనిస్తారటే? ఇంట్లో ఆఫీసరమ్మని పెట్టుకుని షెడ్డు తేలేకపోయిందంటారు."

"రేపు పొద్దున్న నీతో మార్కెట్‌కి వస్తాను. నీ బుట్ట నాకివ్వు."

"యాభై ఏళ్ళొచ్చాయి నీకు. నడుం పట్టేస్తే నేను కాపడం పెట్టను."

ప్లానులో షెడ్డు నేల ఏడు మెట్ల ఎత్తున ఉంది, వాన నీళ్ళు లోపలికి రాకుండా. మార్కెట్ పక్కనున్న పాత గ్రంథాలయానికి సరిగ్గా ఏడు మెట్లు. మర్నాడు పొద్దున్నే ఆవిడ కుచ్చిళ్ళు ఎగదోపి, బుట్ట నెత్తికెత్తుకుని ఆ మెట్లెక్కసాగింది. నాలుగో మెట్టు దగ్గర మోకాలు మొరాయించింది. ఐదో మెట్టు మీద రెండు ఉల్లిపాయలు దొర్లిపోయాయి. మార్కెట్ మార్కెట్టంతా బేరాలాపి చూస్తోంది.

"దించు, దించు. కుర్చీకి అలవాటు పడ్డ ఒళ్ళు" అంటూ వదిన బుట్ట లాక్కుని, ఓ చెయ్యి ఊపుకుంటూ ఏడు మెట్లూ ఎక్కేసింది. "చూశావా? ఏముందిందులో?"

పైనించి మార్కెట్ అంతా కనబడుతుంది. గేటు బయట మురుగు కాలవ గట్టున కూర్చునేవాళ్ళూ కనబడతారు. వదిన చూపు అక్కడ ఆగింది. ఆకుకూరల అవ్వ. చిన్నప్పుడే కాళ్ళు చచ్చుపడ్డాయి. చేతులు ఆనించి నేల మీద జరుగుతూ వస్తుంది.

కింద నిలబడ్డావిడ దొర్లిన ఉల్లిపాయలు ఏరుకుంది.

వదిన దిగి అవ్వ దగ్గరికి వెళ్ళింది. "అవ్వా, షెడ్డుకి ఏడు మెట్లొస్తున్నాయి. నువ్వెలా ఎక్కుతావు?"

అవ్వ కట్టల మీద నీళ్ళు చల్లుతూ, "నేనెక్కేదేముందమ్మా, నా పేరు మీరు రాసుకోలేదుగా" అంది. కోపంగా కూడా అనలేదు.

నిజమే. సంఘంలో పేర్లున్నది గేటు లోపల అరుగుల మీద కూర్చునేవాళ్ళవే. గట్టున కూర్చునేవాళ్ళు పదకొండు మంది. వదిన కావాలని వదిలెయ్యలేదు. రోజూ వాళ్ళ పక్కనించే లోపలికి వెళ్తుంది, వాళ్ళ చెంబులోనే నీళ్ళు తాగుతుంది. అడగాలనే తోచలేదు. అరుగు దొరక్కముందు తనూ ఆరేళ్ళు ఆ గట్టు మీదే కూర్చుంది. ఆడపడుచుకి బడి పుస్తకాలు అక్కడ కూర్చునే కొంది.

ఆడపడుచు వైపు తిరిగి, "అమ్మాయ్, కాగితం తే" అంది.

"నేను రాయకూడదు వదినా. అర్జీ నీది."

"నిన్ను రాయమన్నానా? కాగితం తెమ్మన్నాను."

బుట్ట బోర్లించి, దాని మీద పెట్టుకుని రాసింది. చదివింది నాలుగో తరగతి. ఒక్కో అక్షరం ఒక్కో ఉల్లిపాయంత. గట్టు మీది వాళ్ళని ఒక్కొక్కరినే అడుగుతూ రాసింది. మెట్లు తీసేసి ఏటవాలు దారి వేస్తే నాలుగు అరుగులు పోతాయి. వంకాయలాయన, "ఇప్పుడు గుర్తొచ్చారా వీళ్ళు?" అని రుసరుసలాడాడు.

"అవును, ఇప్పుడే గుర్తొచ్చారు. అరుగులు తలా కాస్త కురచ చేస్తే అందరం పడతాం. జరుగు."

కుళ్ళిన ఆకూ కాయా కాలవలోకి తోసే అలవాటు మానేస్తామనీ, గుంట తీసి ఎరువు చేస్తామనీ రాసింది. కప్పు మీద పడే వాన నీళ్ళు తొట్టెలోకి మళ్ళించి, కూరల మీద చల్లుకోవచ్చన్నది మాత్రం అవ్వ చెప్పిన ఉపాయం.

ఇంజనీరు ప్లాను మార్చనన్నాడు. గురువారం అవ్వని తోపుడు బండి మీద కూర్చోబెట్టుకుని యాభై ఒక్క మందీ వెళ్ళారు. ఆయన గది బయటే బుట్టలు దించి బేరాలు మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ఆయన పెన్సిలు చెక్కుకున్నాడు.

శుక్రవారం నాలుగింటికి వదిన బల్లకి అవతల నిలబడింది.

"నమస్కారం మేడమ్."

"కూర్చో వదినా."

"ఆఫీసులో వదినా గిదినా లేదు. చదవండి."

కాగితానికి ఓ మూల మట్టి అంటి ఉంది. "మొదటి ప్లానులో పదకొండు మందికి చోటు లేదు, వాళ్ళలో ఒకరు మెట్లెక్కలేరు. వాళ్ళని మరిచిపోయింది మేమే" అని మొదలైంది. ఆవిడ రెండుసార్లు చదివింది. అన్నిటికంటే కింద ఇంకో వాక్యం ఉంది: "మా మార్కెట్లో చేపలు లేవు."

ఈసారి పైట అడ్డం పెట్టుకోలేదు. గదిలో అందరూ తలలు తిప్పి చూసేలా నవ్వి, సంతకం పెట్టింది. ఆ పేజీ పెద్దాఫీసరు కూడా పూర్తిగా చదివాడు.

మరుసటేడు వానలకి షెడ్డు లేచింది. ఏటవాలు దారి ఎక్కగానే మొదటి చోటు అవ్వది. గాలి ఎక్కువొస్తోందని అవ్వ రోజూ సణుగుతుంది. షెడ్డు తెరిచిన నాడు మూడో పేజీ ఆవిడ మళ్ళీ ఉల్లిపాయల బుట్ట నెత్తికెత్తుకుని ఆ దారి పొడుగునా ఎక్కింది. ఒక్క ఉల్లిపాయా దొర్లలేదు. పైకొచ్చి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని అలాగే నిలబడింది.

"బాగానే మోశావులే, దించు" అంది వదిన. "అక్కడ బేరం పోతోంది."