పెద్దబాపు కోసిన సీటు

ఇబ్రహీంపట్నంలో ట్రాక్టర్లకు, ఆటోలకు సీట్లు కుట్టే మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, మొన్న మంగళవారం పొద్దున కన్నుమూశాడు. దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఏడ్చాను, ఎందుకేడవను? కానీ ఆయన గురించి ఏడుస్తూ రాస్తే ఆయనకే నచ్చదు. అందుకే ఆయన గెలిచిన సంగతి రాస్తున్నాను.

నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. ఆడపిల్లకు అంత ఎత్తేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నా పెద్దబాపు మాత్రం, "దర్వాజ తగుల్తున్నదని ఎవడన్న తల కోసుకుంటడా? దర్వాజనే ఎత్తు పెట్టుకోవాలె" అనేవాడు.

పైలట్ శిక్షణలో నాకు తగిలిన దర్వాజ ఇద్దరు పట్టే చిన్న విమానం. తల కప్పుకు తగిలేది. విమానాన్ని నడిపే కంట్రోల్ చక్రం తిప్పబోతే మోకాళ్లు అడ్డం పడేవి. "ఈ నెలాఖరులోగా నువ్వు ఇందులో సరిగా కూర్చోలేకపోతే ఒంటరిగా ఎగరనివ్వను" అన్నారు మా శిక్షకుడు. ఒంటరిగా ఎగరకపోతే లైసెన్సు లేదు. నేరుగా పెద్దబాపు దుకాణానికొచ్చి కూలబడ్డాను.

"సీటు సంగతేనా? ఇంకేందో అనుకున్న గదనే!" అన్నాడు.

సీటు కొత్తగా కుట్టించుకోనివ్వమని విమానాలు చూసే ఇంజినీరును బతిమాలాను. మంట అంటుకోని స్పాంజే వాడాలి, తను చూసి సంతకం పెడితేనే సీటు విమానమెక్కాలి అన్నాడాయన. సరేనన్నాం.

మొదటి సీటు ఘోరం. ఎగుడుదిగుడు చేలల్లో నడుములు విరగకుండా స్పాంజి దట్టించడం పెద్దబాపుకు అలవాటు. నా మీద ప్రేమకొద్దీ ఇంకో పొర కూడా ఎక్కించాడు. అందులో కూర్చుంటే మెడ పక్కకు వాల్చాల్సి వచ్చింది. ఇంజినీరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, పది రోజులే మిగిలాయి. పెద్దబాపు తల గోక్కుని, "ఇన్నేండ్లు లేపుడే తెలుసు నాకు, దించుడు తెల్వదు. నేర్చుకుంట" అన్నాడు. అరవై దాటిన మనిషి నోట ఆ మాట విని నాకు ధైర్యం వచ్చింది.

దుకాణంలోనే విమానం లోపలి కొలతలతో చెక్కల చట్రం కట్టాడు. స్పాంజి మీద సుద్దపొడి చల్లి, నన్ను గంటసేపు కూర్చోబెట్టి లేపేవాడు. పొడి చెదరని చోట బరువు పడనట్టే, అక్కడ స్పాంజి దండగ. "ఏడ కూసుంటమో మనకే తెల్వదు బిడ్డా. పొడి జెప్తది." కింద పల్చగా కోశాడు. వీపు వెనక రెండంగుళాలు తీశాడు. తొడల కింద అంచు దించాడు. కోసినప్పుడల్లా మా పెద్దమ్మ, "పిల్లకు ఆఖరికి పీటనే మిగులుతది" అని సణిగేది. అట్టముక్కతో కంట్రోల్ చక్రం లాంటిది చేసి ఆ చివర నుంచి ఈ చివరకు నా చేత తిప్పించాడు. మోకాలికి తగల్లేదు!

ఇంజినీరు ఆ సీటును తిరగేసి, నొక్కి, విమానంలో బిగించి నన్ను కూర్చోబెట్టి చూశాడు. సంతకం పెట్టాడు.

ఒంటరిగా ఎగిరిన రోజు నా తల మీద నాలుగు వేళ్ల జాగా మిగిలింది. చేతులు ఎటు తిప్పినా అడ్డం లేదు. గాల్లో గొంతు చించుకుని అరిచాను. ఎంత సంతోషమో చెప్పలేను.

ఒక చుట్టు తిరిగి దిగాను. కంచె దగ్గర అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు. పెద్దబాపు ఒక్కడే నేల మీద కాళ్లు చాపుకుని, వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో గాలిని పట్టుకుని కూర్చున్నాడు.

"గట్ల కూసున్నవేంది పెద్దబాపు?"

"నువ్వు లేసిన కాడికెల్లి గిట్లనే కూసున్న. ఏడన్న నొస్తదేమో చూద్దామని." దుమ్ములోంచి లేవకుండానే చేతులు రెండూ పైకెత్తాడు. "ఏడా నొయ్యలే బిడ్డా!"