పిట్ట ముందు మసకబారిన గ్లాసు

తమ్ముడు తెచ్చిన మందే అన్నను చంపిందని పదిమందిలో చెప్పింది నేను. అది అబద్ధం. అబద్ధమని నాకు తెలిసి తొమ్మిదేళ్లయింది. మొన్నమొన్నటిదాకా నోరు మెదపలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఈ మాట గొంతు దాటదు.

పోయినవాడు కొమురయ్య. మట్టెవాడలో మా పక్కింటివాడు. గుండె ఆగి పోయాడు. దవాఖానాలో చెప్పిన మాట అదే. మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడడం మా ఆచారం. కొమురయ్యకు మాంసం కూర, విస్కీ ఇష్టం. దుబాయి నుంచి వచ్చినవాళ్ల దగ్గర సంపాదించి తమ్ముడు సాయిలు ఇచ్చిన సీసా ఇంట్లో సగం మిగిలి ఉంది. అదే గ్లాసులో పోశారు. ఆయన ఎప్పుడూ ఫ్రిజ్ నీళ్లే కలుపుకునేవాడని, భార్య లచ్చమ్మ ఆ నీళ్లు కూడా మోసుకొచ్చింది. తనే పోసింది. బంగారు రంగు మందు చూస్తుండగానే బియ్యం కడిగిన నీళ్లలా అయింది.

కాకి రాలేదు. ఎండ ఎక్కుతోంది. గ్లాసు ఎందుకట్లా అయిందో చెప్పమన్నట్టు అందరూ నా వైపు చూశారు. ఎందుకు చూడాలి? బడి మెట్టెక్కనివాణ్ని. గడియారాలు బాగుచేస్తూ, పొట్లం కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. డిగ్రీలున్నవాళ్లు ఆ గుంపులో ముగ్గురున్నారు, ఒక్కడూ నీకెట్లా తెలుసని అడగలేదు. ఆ మంట నాకు ఇప్పటికీ ఉంది. కానీ వాళ్ల మీద కోపపడడం సులువు. ‘నాకు తెలియదు’ అన్న మాట నా నోట ఎందుకు రాలేదో అడుక్కోవడమే కష్టం.

కల్తీ అన్నాను. సాయిలు నా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, నువ్వు నాలుగు బుక్కులు చదివినోనివి. జర మంచిగ సూడు. మా అన్నకు నేను ఇసం తెస్తనా?”

“సూసిన రా. అసలు సరుకైతే గిట్ల తెల్లవడదు. తెలిసి తెచ్చినవో, తెల్వక తెచ్చినవో, మీ అన్నను తిన్నది గిదే.”

లచ్చమ్మ ఏడుపు ఆపి మరిది వైపు చూసింది. దినాలకు అతణ్ని రానివ్వలేదు. ఆ తర్వాత ఎన్నడూ గడప తొక్కనివ్వలేదు.

పరీక్ష చేయిస్తానని సీసా నేనే తెచ్చుకున్నాను. చేయించలేదు. రెండేళ్లకు ఒక పాత పత్రికలో చదివాను. కొన్ని విస్కీలను చల్లబరిచి వడకట్టరట. ధాన్యం నుంచి, పీపా చెక్క నుంచి వచ్చిన నూనెలాంటివి అందులోనే ఉండిపోతాయట. చల్లని నీళ్లు కలిస్తే అవి విడివడి మసకగా కనిపిస్తాయి, అంతే, దోషం కాదు. మేం తాగే రకాలు అలా కావు గనుక మాలో ఎవరూ అది చూసి ఉండలేదు, చూసి ఉంటే కొమురయ్య ఒక్కడే చూసి ఉండాలి. బీరువాలోంచి సీసా తీశాను. ఫ్రిజ్ నీళ్లు పోశాను. తెల్లబడింది. గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. వెచ్చబడేకొద్దీ తేటపడింది. తాగాను. ఏమీ కాలేదు. ఏమైనా అయినా బాగుండేది.

గోడ అవతలే లచ్చమ్మ ఉంది. ఒక్క మాట చాలు. ఎందుకు పోలేదు? మరిది మీద కోపమే ఆమెకు ఆసరా అయిందని, దాన్ని లాగేస్తే కూలిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఉత్తదే. గల్లీలో నన్ను అందరూ ‘సారు’ అంటారు. ఆ పిలుపు పోతుందని భయం. ఒక్క పిలుపు కోసం ఒక మనిషిని తోడబుట్టినవాడి ఇంటికి పరాయివాణ్ని చేశాను.

పోయిన ఎండాకాలం లచ్చమ్మ పోయింది. ఇక ఆమె ముఖం చూడాల్సిన పని లేదు గనుకే నాకు ధైర్యం వచ్చిందేమో. ఆటో మాట్లాడుకుని కాజీపేటలో ఉంటున్న సాయిలు దగ్గరికి వెళ్లాను. ఏదీ దాచకుండా చెప్పాను. చెబుతుంటేనే ఛాతీలో ఏదో సడలింది. ఆ తేలికకు కూడా సిగ్గేసింది. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. మెల్లగా అన్నాడు:

“నాకెందుకు చెప్తున్నవే అన్నా? నేను ఇసం తేలేదని నాకు ఎరుకే గద. ఎరుక లేకుంట పోయింది మా వదినె.”