ఎండిన చెరువులో సువార్తక్క ఫుట్‌బాల్

కాదు రాంబాబూ... నిన్న టీ కొట్టు దగ్గర నువ్వన్నదానికి నేనేం మాట్లాడలేదని, ఒప్పేసుకున్నాననుకోకు.

ఫోన్‌లో మన దేశం ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే, "ఆళ్లేం గెలిచార్రా, అంత కళ్లప్పగించి చూస్తున్నావ్?" అన్నావు. నిజానికి నాకూ తెలియదు. అందుకే ఇంటికెళ్లి వెతికాను. నలభై ఏళ్ల పైమాటే... ఆసియా పోటీల్లో మనవాళ్లు రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లారట. రెండుసార్లూ ఓడిపోయారట. తర్వాత చాలా ఏళ్లు ఆ పోటీలకి అర్హతే రాలేదు. ఇప్పుడు మళ్లీ గెలుచుకుంటూ అక్కడికి చేరారు. ఇదంతా మనకెవరూ ఎందుకు చెప్పలేదు?

ఎవరితో ఆడారు, ఎన్ని గోల్స్ కొట్టారు... అన్నీ రాసి ఉన్నాయి. ఒక్కటి మాత్రం లేదు. ఆ పిల్లలు మొదటిసారి బంతి తన్నింది ఎక్కడ?

ఎందుకడుగుతున్నానంటే... మా చిన్నప్పుడు కైకలూరు దగ్గర మా ఊళ్లో చేపల చెరువే మాకు గ్రౌండు. చేపలన్నీ పట్టేసి, పట్టుబడి అయ్యాక నీళ్లన్నీ తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండగట్టేవారు. మళ్లీ నీళ్లు పెట్టేదాకా అది మాదే. నీచు వాసన... నెర్రెల్లో ఇరుక్కునే కాలివేళ్లు... ఇంటికెళ్తే పెరట్లో గాబు దగ్గర కాళ్లు కడుక్కుంటే గానీ లోపలికి రానిచ్చేవారు కాదు.

మా పెదనాన్న ఆ చెరువుకి కాపలా. ఆయన కూతురు సువార్తక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా అందరిలోకీ తనే బాగా ఆడేది. చెరువుకి నాలుగు వైపులా గట్లు కదా... బంతి ఎంత గట్టిగా తన్నినా గట్టుకి తగిలి వెనక్కి వచ్చేసేది. అక్క కావాలనే గట్టుకేసి కొట్టి, మా పక్కనుంచి పరిగెత్తి, మళ్లీ తనే అందుకునేది. మా ఆటలో బంతి బయటికి పోవడమన్నదే లేదు.

అక్క తొమ్మిదిలో ఉండగా ఏలూరులో సెలక్షన్లు పెట్టారు. ఎంపికైతే హాస్టల్లో ఉంచి, ఆట నేర్పి, చదివిస్తారట. లేకపోతే పదో తరగతి అవగానే పెద్దమ్మతో పాటు రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికి వెళ్లాల్సిందే. ఆ మాట ఇంట్లో ముందే అయిపోయింది.

పెదనాన్న మా ఇద్దర్నీ బస్సులో తీసుకెళ్లారు. ఆట మొదలైంది. బంతి గీత దాటింది. ఈల మోగింది. అందరూ ఆగారు... అక్క ఆగలేదు. గీత అవతలికి పరిగెత్తి, నిలబెట్టిన సైకిళ్ల చుట్టూ బంతి తిప్పుకొచ్చి, మళ్లీ లోపలికి వచ్చి గోల్ కొట్టేసింది.

గ్రౌండంతా నవ్వు. పెదనాన్న మాత్రం చప్పట్లు కొడుతున్నారు. అందులో తప్పేంటో ఆయనకీ తెలియదు పాపం.

సెలక్షన్ చేసే మేడమ్ గారు అక్కని దగ్గరికి పిలిచారు.

"గీత కనపడలేదా అమ్మా?"

"కనపడిందండి. బంతి ఇంకా దొర్లుతుంది కదండీ."

మేడమ్ నవ్వలేదు. కాళ్లలో ఆట ఉందన్నారు. గీత లోపల ఆడడం నేర్చుకుని వచ్చే ఏడు రమ్మన్నారు. బస్సులో అక్క కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక, చెరువులో చల్లడానికి తెచ్చిన సున్నం దోసిళ్లతో తీసి, ఎండిన అడుగు మీద గీత గీసింది. వారం తిరక్కుండా నీళ్లు పెట్టేశారు. ఆ పైన చెరువు రైతు గారు రొయ్యల సాగులోకి దిగారు. ఇటు పట్టుబడి, అటు నీళ్లు... ఎండగట్టడమే మానేశారు. ఇక సెలక్షన్ల కోసం ఆడి నేర్చుకోవడానికి తనకి జాగా ఎక్కడ?

గట్టు మిగిలింది. సైకిల్ పట్టేంత దారి, అవతల ఇంకో చెరువు. బంతి అటు పోయినా నీళ్లే, ఇటు పోయినా నీళ్లే. అక్క దాని మీదే ఈ చివర నుంచి ఆ చివరకి బంతి నడిపేది. మొదట్లో అడుగుకోసారి నీళ్లలో పడేది. "మేతేసే పడవ నీ బంతి ఏరడానికేనేంటే?" అని పెదనాన్న విసుక్కుంటూనే తెచ్చి ఇచ్చేవారు.

ఒకరోజు సాయంత్రం ఆయనే అడిగారు, ఇవాళ ఆడలేదేంటమ్మా అని. ఆడింది... బంతి పడలేదంతే.

మరుసటి ఏడు ఏలూరులో అక్క కాలి దగ్గర బంతి గీత అంచున నడిచింది గానీ, దాటలేదు. ఎక్కడ నేర్చుకున్నావని మేడమ్ గారు అడిగితే, గీత అవతల నీళ్లున్నాయనుకున్నానండి అని చెప్పింది. హాస్టల్లో సీటొచ్చింది.

దేశం జట్టు దాకా వెళ్లలేదు రాంబాబూ. రాష్ట్రం తరఫున ఆడింది. ఇప్పుడు గుండుగొలను వైపు ఒక స్కూల్లో ఆటల టీచరు. నేను తొమ్మిదిలోనే చదువు మానేశానని, ఫోన్ చేసినప్పుడల్లా ఇప్పటికీ తిడుతుంది.

అందుకే ఆ మ్యాచ్‌లు చూస్తాను. ఎవరో ఒక అమ్మాయి బంతిని సరిగ్గా గీత మీద ఆపుతుంది చూడు... అప్పుడనిపిస్తుంది, వాళ్ల ఊళ్లో ఆ గీత అవతల ఏముండేదో అని. వరి చేనా? లోయా? లారీలు పోయే రోడ్డా?

మొన్న మా గట్టు వైపు వెళ్లాను. చుట్టూ కంచె, పైన పక్షులు వాలకుండా వల, లోపల నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు. ఎవరు మీరు అని కాపలా అతను అడిగాడు. పిల్లలైతే ఒక్కరూ లేరు... బంతి తన్నుకోవడానికి ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు.

మీ ఊళ్లో ఆడపిల్లలు ఎక్కడ ఆడేవారండీ? ఇప్పుడెక్కడ ఆడుతున్నారు? ఇది చదివినవాళ్లు, తెలిస్తే కింద కామెంట్లో రాయండి. నువ్వూ రాయి రాంబాబూ, మీ చెల్లి చిన్నప్పుడు ఎక్కడ ఆడేదో...

చేపల పెట్టెల్లోకి ఐసు తెచ్చే బండి వచ్చేసింది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వెళ్లాలి.