తిట్లకి భాష కరువు

అత్తగారికి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలిది లాట్వియన్, చిన్నకోడలిది మలయాళం. వాళ్ళు పుట్టింటివాళ్ళతో ఫోన్లో మాట్లాడుతుంటే ఆవిడ కుర్చీ లాక్కుని, బఠాణీలు ఒలుస్తూ ఓ చెవి అటు పడేసేది. "పెద్దదాని భాష ప్రతి మాటకీ మొదట్లోనే బలమంతా పెట్టి, మెట్లు దిగినట్టు దిగుతుంది. చిన్నదాని భాష గులకరాళ్ళ మీద నీళ్ళు," అని కొడుకులకి తేల్చి చెప్పేది. అలా వింటూ వింటూ రెండింట్లోనూ నాలుగేసి తిట్లు పట్టేసింది. కానీ మనసు వెన్న. అందుకే పెద్దకోడలి మీద కోపమొస్తే మలయాళంలో తిట్టేది, చిన్నకోడల్ని లాట్వియన్‌లో. కడుపులోది కక్కేసినట్టూ ఉండేది, అవతలి మనిషి నొచ్చుకోకుండానూ ఉండేది.

మొన్న పెద్దకోడలు ఫోన్లో పడి పాలు పొంగబెట్టేసింది. అత్తగారు మలయాళంలో అందుకుంది. పెద్దకోడలు స్టవ్వు తుడుస్తూ, "ఆ రెండో మాట కాస్త సాగదీయాలి అత్తయ్యా," అంది.

"నీకెలా తెలుసే?"

"చెల్లి నేర్పింది. మావి నేను దానికి నేర్పాను. మీరు తిట్టినప్పుడల్లా ఇద్దరం కూర్చుని అర్థాలు చెప్పుకుని నవ్వుకుంటాం."

అత్తగారు బిక్కమొహం వేసింది. ఆ సాయంత్రం చిన్నకోడలు గిన్నె మాడ్చింది. ఆవిడ నోరు తెరిచింది గానీ, తిట్టడానికి ఏ భాషా మిగల్లేదు. పీచు తీసుకుని, ఆ గిన్నె తనే తోముతూ కూర్చుంది.